ఈ తొమ్మిది ఆ తొమ్మిది కాదు

కళ్ళజోళ్ళ దుకాణంలో కిటికీ పక్కన కూర్చుని పనిచేసే ఆమెను మా వీధిలో అందరూ ముల్లక్క అంటారు. కళ్ళజోడుకీ ముల్లుకీ ఏమిటి సంబంధమని కొత్తవాళ్ళు అడుగుతూ ఉంటారు. ఆమె అసలు విద్య రికార్డు మీద నడిచే ముల్లు. వెంట్రుక కన్నా కాస్త లావు పుల్ల, దాని కొసన కంటికి ఆనని వజ్రపు ముక్క, వెనక దాన్ని పట్టుకునే ఆవగింజంత రబ్బరు. వీటిని మైక్రోస్కోపు కింద పెట్టుకుని, విరిగిన దాన్ని మళ్ళీ పాడించడం ఆమెకు చేతనవును. అలాంటి నిదానాన్ని దేవుడు ఏ కొద్దిమంది వేళ్ళకో ఇస్తాడు.

ఆ వేళ్ళ మీదనే ఆరేళ్ళపాటు ఒక నింద పడి ఉంది.

అంతకు ముందు పన్నెండేళ్ళు ఆమె రికార్డు ప్లేయర్లు అమ్మే షోరూములో వెనకగదిలో పనిచేసింది. యజమానిని అందరూ బరువుబాబు అనేవారు, ఆయన వినకుండా. ఆయన నమ్మకమంతా బరువు మీద. తలుపు బరువుగా ఉండాలి, బల్ల బరువుగా ఉండాలి, వేలి ఉంగరం బరువుగా ఉండాలి. "ఎత్తితే నడుం పట్టెయ్యాలండీ, సరుకంటే అదీ" అని కొనడానికి వచ్చినవాళ్ళకి చెప్పేవాడు. చెడ్డ మనిషని నేను అనలేను. వాన పడితే రోడ్డున పోయేవాళ్ళను లోపలికి పిలిచి, కుర్చీలు తుడిచి మరీ కూర్చోబెట్టేవాడు. తప్పు నాది అనే మాటకి మాత్రం ఆయన నోరు ఎప్పుడూ తిరగలేదు.

ఆరేళ్ళ కిందట లెక్కల మాస్టారు ఒకాయన రిటైరయ్యి, బతుక్కి ఒక్కసారి కదా అనుకుని, ఆ షోరూములో ఖరీదైన కార్ట్రిడ్జి కొనుక్కున్నాడు. ముల్లు, పుల్ల, రబ్బరు ఇమిడి ఉండే బొటనవేలి గోరంత డబ్బీనే కార్ట్రిడ్జి అంటారు. దాన్ని రికార్డు మీద మోసే పొడుగాటి కడ్డీ పేరు ఆర్మ్. ఈ రెండింటికీ పొత్తు కుదరాలి. రబ్బరు గట్టిదైతే ఆర్మ్ బరువైనా ఫరవాలేదు. మెత్తదైతే ఆర్మ్ తేలికగా ఉండి తీరాలి. మెత్తని రబ్బరు మీద బరువు ఆర్మ్ పెట్టడమంటే పసిపిల్ల నడుం మీద నిండు బిందె పెట్టడమే. రికార్డులో కాస్త వంపు తగిలినా తూలిపోతుంది.

రబ్బరు ఎంత మెత్తదో కార్ట్రిడ్జితో వచ్చే కాగితం మీద ఒక అంకె వేస్తారు. అంకె పెద్దదైన కొద్దీ మెత్తదని. మాస్టారి కాగితం మీద తొమ్మిది ఉంది. చూడగానే గట్టి రబ్బరే అనిపిస్తుంది. కానీ ఆ కార్ట్రిడ్జి చేసినవాళ్ళు రబ్బరును సెకనుకు నూరుసార్లు కదిలించి కొలిచారు. ఆర్మ్‌లతో పొత్తు చూసేవాళ్ళ లెక్క సెకనుకు పదిసార్లది. సెకనుకు నూరుసార్లు కుదిపితే ఏ రబ్బరైనా బిగుసుకుంటుంది. పదిసార్ల లెక్కకు మారిస్తే ఆ తొమ్మిది పదిహేడు దాకా పోతుంది. పదిహేడంటే బాగా మెత్తదే.

ముల్లక్క ఈ సంగతి కాగితం అడుగున ఉన్న చీమతలకాయంత అక్షరాల్లో చదివింది. ప్రతి పెట్టెకూ దారంతో ఒక చీటీ కట్టి, ఏ ఆర్మ్‌కి పెట్టాలో, ఎంత ఒత్తిడి ఇవ్వాలో రాయడం ఆమె పద్ధతి. ఆ రోజు చీటీ మీద, "తేలిక ఆర్మ్‌కే. ఈ తొమ్మిది ఆ తొమ్మిది కాదు" అని రాసింది. చాలదేమోనని నోటితోనూ చెప్పింది.

"తొమ్మిదెప్పుడూ తొమ్మిదేనమ్మాయ్. నాకు ఎక్కాలు నేర్పకు" అని బరువుబాబు చీటీని ఉండచుట్టి జేబులో వేసుకున్నాడు. మాస్టారు రాకముందే తన చేత్తోనే కార్ట్రిడ్జిని బరువు ఆర్మ్‌కి బిగించాడు. మాస్టారి ఎదుట అది తూలింది. తూలకుండా ఆపడానికి ముల్లు మీద ఒత్తిడి పెంచాడు. రెండు గ్రాములుండాల్సింది రెండున్నర, మూడు, మూడున్నర చేశాడు. పుల్ల పుటుక్కుమంది.

మాస్టారి మొహం చూసి బరువుబాబు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో నిజం చెప్పి ఉండవచ్చు. "బిగించింది మా అమ్మాయండీ. చెయ్యి వణికింది పాపం" అన్నాడు.

ఆమె వెనకగది గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నది.

రికార్డులు వినేవాళ్ళ సంఘంలో అప్పట్లో పదకొండు ఇళ్ళవాళ్ళు ఉండేవారు. మాస్టారు ఎక్కడ అసలు సంగతి ఆరా తీస్తాడోనని, బరువుబాబు ఆ ఇళ్ళన్నీ తిరిగి, కాఫీలు తాగుతూ అదే మాట చెప్పాడు. నెల తిరక్కుండా ఆమెకు వణుకుచెయ్యి అని పేరు వచ్చింది. షోరూములో పని పోయింది. ఇంట్లో కూర్చుని చేద్దామన్నా ఎవరూ ముల్లు ఇవ్వలేదు. వణికే చేతికి ఎవరిస్తారు?

కళ్ళజోళ్ళ దుకాణం ముసలాయన పిలిచి పనిచ్చాడు. ఫ్రేముల్లోని చిన్న మరలు బిగించే పని. ఆమె మైక్రోస్కోపు పెట్టుకోవడానికి వెలుతురు బాగా పడే కిటికీ పక్కన ఉన్న తన సొంత బల్ల ఖాళీ చేసి, తాను చీకటి మూలకు జరిగాడు. ఎందుకని అడిగితే, "నా కళ్ళకి ఎక్కడైనా ఒకటేనమ్మా" అనేవాడు. అలాంటి మంచితనాలు చప్పుడు చెయ్యవు.

ఆమె ప్రతి ఉదయం దుకాణం తెరవక ముందే వచ్చి, పాత విరిగిన ముల్లు ఒకటి తీసుకుని, పుల్ల ఊడదీసి, మళ్ళీ అతికించేది. చెయ్యి మర్చిపోకూడదని. రెండు వేల పైచిలుకు ఉదయాలు. దేవుడికి దణ్ణం పెట్టుకునే కూర్చునేది. ఏమని మొక్కుకునేదో ఒకసారి భర్త అడిగాడు.

"ఆయన ఎదట పడాలని."

"ఎవరు, దేవుడా?"

"బరువుబాబు."

భర్త బస్సు డ్రైవరు. నవ్వు మనిషి. "పోనీ నా బస్సెక్కితే చెప్తాలే, గుంతలన్నీ ఆయన సీటు కిందనుంచే పోనిస్తా" అన్నాడు. ఆమె నవ్వలేదు.

ఆరో ఏట ఒక సోమవారం బరువుబాబు కళ్ళజోళ్ళ దుకాణం మెట్లెక్కాడు. చేతిలో గుడ్డలో చుట్టిన చిన్న పెట్టె. మాస్టారు కొన్న రకం కార్ట్రిడ్జే. ఈసారి కొన్నది పళ్ళ డాక్టరమ్మ. వచ్చే ఆదివారం షోరూములో సంఘం వాళ్ళందరినీ పిలిచి వినిపిస్తానని ఆయన మాటిచ్చేశాడు. పెట్టె విప్పి చూస్తుంటే చొక్కా చేతి గుండీ తగిలి పుల్ల వంగిపోయింది. కొత్తది రావాలంటే నాలుగు నెలలు.

"పాతవేవీ మనసులో పెట్టుకోకమ్మాయ్" అన్నాడు, కుర్చీ కోసం అటూ ఇటూ చూస్తూ.

"నాకెంత మనసు సార్, అన్నీ అందులో పట్టవు" అంది ఆమె. కుర్చీ చూపించలేదు. కార్ట్రిడ్జిని మైక్రోస్కోపు కింద పెట్టింది. "పుల్ల మార్చాలి. రబ్బరు బాగుంది. గురువారం ఇస్తాను. ఏ ఆర్మ్‌కి పెడుతున్నారు?"

"కొత్తది తెప్పించాను. ముప్పై గ్రాములు! చూస్తే కళ్ళు తిరుగుతాయి. కాగితం మీద తొమ్మిది, ఆర్మ్ ముప్పై. పుస్తకంలో చూసి మరీ లెక్క కట్టాను, అతికినట్టు సరిపోయింది."

ఆయన లెక్క ఆయన తొమ్మిదికి సరైనదే. ఆరేళ్ళ తర్వాత కూడా కాగితం అడుగు చదవలేదు. నోటి దాకా వచ్చిన మాటను ఆమె పళ్ళతో పట్టి ఆపింది. జీవితంలో మొదటిసారి పెట్టెకు చీటీ కట్టకూడదని అప్పుడే అనుకుంది.

ఇంటికి వెళ్ళి భర్తకు చెప్పింది. ఆయన తింటున్నవాడు ఆగాడు.

"ఆదివారం అందరి ముందూ తూలుతుందా?"

"తూలుతుంది. తూలితే ఆయన ఏమంటాడో కూడా నాకు తెలుసు. అదే మాట అనాలి. అందరూ వినాలి."

"అది డాక్టరమ్మ వస్తువు కదే. ఆవిడేం చేసింది నిన్ను?"

"మూడు గ్రాముల దాకా పుల్లకేం కాదు. దాటనివ్వను."

"నువ్వు పట్టుకునేలోపు దాటితే?"

ఆమె లేచి గిన్నెలు సర్దసాగింది. ఆ డాక్టరమ్మ ఒకప్పుడు ఆమె పన్ను నొప్పికి, ఆదివారం అయినా తలుపు తీసి చూసిన మనిషి. ఇక్కడ ముల్లక్కది తప్పే. ఆమె మంచిదని తెలిసినవాళ్ళం, దేవుడి ఎదుట అయినా ఈ ఒక్కటీ ఆమె మంచి ఖాతాలో వెయ్యలేం.

పుల్ల మార్చడం బుధవారం పొద్దుటికే అయిపోయింది. అప్పుడు ఆమె లెక్కల మాస్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన గుమ్మంలోనే ఆపాడు.

"ఏమ్మా, ఇంకేమైనా మిగిలిందా మా ఇంట్లో విరగ్గొట్టడానికి?"

"ఒక్క గంట రండి మాస్టారూ. మీకు నచ్చిన రికార్డు ఒకటి తెచ్చుకోండి. కొంచెం వంపుదైతే మరీ మంచిది."

కోపం ఉన్నా ఆయనకు రికార్డు అంటే ఆగలేని తనం. వచ్చాడు. కిటికీ దగ్గర ఆమె రికార్డు తిప్పే తన పాత టర్న్‌టేబుల్ పెట్టింది. పదకొండు గ్రాముల తేలిక ఆర్మ్. ఆయన చూస్తుండగానే కార్ట్రిడ్జి బిగించింది. నాలుగు తీగలు, రెండు మరలు. మాస్టారు రికార్డు కన్నా ఆమె వేళ్ళనే ఎక్కువ చూశాడు. ముల్లు దించింది. వంపు మీద ఆర్మ్ నీళ్ళమీద ఆకులా లేచి దిగింది. పాట ఎక్కడా తడబడలేదు. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు.

పాట అయ్యాక ఆమె కార్ట్రిడ్జితో వచ్చిన కాగితం, పెన్సిలు ఆయన ముందు పెట్టింది. కాగితం అడుగున వేలు పెట్టి చూపించింది. ఆయన నలభై ఏళ్ళు పిల్లలకు నేర్పినవాడు. గుణించాడు, వర్గమూలం తీశాడు, ఆర్మ్ బరువు ముప్పైకి ఒకసారి, పదకొండుకి ఒకసారి. పెన్సిలు కింద పెట్టాడు.

"అంటే నాది..." అన్నాడు.

"చీటీ కట్టాను మాస్టారూ. మీ దాకా రాలేదు."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చటుక్కున లేచాడు. "పద, ఇప్పుడే అడుగుదాం వాణ్ణి."

"ఆదివారం దాకా ఆగండి. ఒట్టు, అప్పటిదాకా నోరు విప్పకండి."

"ఆరేళ్ళు నిన్ను తిట్టుకున్నానమ్మా నేను."

"ఇంకో నాలుగు రోజులు తిట్టుకోండి" అంది ముల్లక్క.

గురువారం పెట్టె ఇచ్చేసింది. బరువుబాబు తిప్పి చూశాడు. చీటీ లేదని కూడా గమనించలేదు.

ఆదివారం సాయంత్రం షోరూము నిండిపోయింది. ముందు వరసలో డాక్టరమ్మ, కొత్త చీరలో, చిన్నపిల్లలా కుర్చీ అంచున. మాస్టారు మధ్యలో. ముల్లక్క, భర్త చిట్టచివర గోడవార. బరువుబాబు కొత్త ఆర్మ్ గురించి పావుగంట మాట్లాడాడు. ముల్లు దించాడు.

ముందు పాట బాగానే వచ్చింది. తర్వాత స్పీకరు పొర, చప్పుడేమీ లేకుండా, కప్ప గొంతులా లోపలికీ బయటికీ ఊగడం మొదలుపెట్టింది. పాడే గొంతు సాగింది, ముడుచుకుంది. ఆర్మ్ తూలింది. జనంలో గుసగుస. ఒత్తిడి పెంచడానికి బరువుబాబు ఆర్మ్ వెనక ఉన్న బరువు బిళ్ళ తిప్పాడు. రెండున్నర. ముల్లు ఒక గాడి ఎగిరి దూకింది.

"ఏమైందండీ?" అని డాక్టరమ్మ లేచింది.

ఆయన తల ఎత్తి జనాన్ని చూశాడు. ఆరేళ్ళ కిందటి మొహమే.

"పుల్ల మార్చింది ఆవిడేనండీ. నేను వద్దనుకుంటూనే ఇచ్చాను. ఆ చెయ్యి వణుకు పోలేదు."

ముల్లక్క అప్పుడే లేవవచ్చు. లేవలేదు. ఆ మాట ముందు వరస నుంచి చివరి వరస దాకా పాకి తన దాకా రానిచ్చింది. తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగి తనను చూడనిచ్చింది. ఎంత తీయగా ఉందో ఆ క్షణం అని తర్వాత ఆమే చెప్పింది. ఆ తీపిలో ఆయన చెయ్యి మళ్ళీ బరువు మీదికి పోవడం ఒక్క రెప్పపాటు ఆలస్యంగా చూసింది. మూడు. మూడు దాటబోతోంది. కుర్చీల మధ్య నుంచి పరుగెత్తి, ఆయన మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో ఆర్మ్ పైకెత్తింది.

"చాలు సార్" అంది. "ఇంకొక్క తిప్పు తిప్పితే ఇదీ మీ చేతిలోనే విరుగుతుంది."

"చెయ్యి తియ్! నువ్వు చేసింది చాలక..."

"ఆవిడ చేసింది బుధవారం నేను విన్నానయ్యా!" మాస్టారి గొంతు బడి గంటలా మోగింది. ఆయన లేచి, తాను లెక్క కట్టిన కాగితం పైకెత్తి, తొమ్మిది ఎలా పదిహేడైందో అందరికీ లెక్క చెప్పాడు. అర్థం కానివాళ్ళకి రెండోసారి చెప్పాడు. "ఇది తెలియక ఒకసారి నాది విరిచావు. చీటీ రాసినా చూడక. ఆ నేరం ఈవిడ చేతికి కట్టావు."

"లెక్కలెవరైనా చెప్తారు" అన్నాడు బరువుబాబు. గొంతులో బింకం సడలింది.

షోరూములో తేలిక ఆర్మ్ ఉన్న టర్న్‌టేబుల్ ఒక్కటే ఉంది. బరువు లేదని ఎవరూ కొనరని మూలన పెట్టి, దాని మీద రసీదు పుస్తకాలు పేర్చాడు. ముల్లక్క భర్త పుస్తకాలు కింద పెట్టి, చొక్కా అంచుతో దుమ్ము తుడిచి, తెచ్చి పెట్టాడు. "ఎంత తేలికో సార్, నడుం పట్టలేదు" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

ఆమె కూర్చుంది. కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. అందరూ బల్ల చుట్టూ మూగారు. వాళ్ళు చూస్తున్నది కార్ట్రిడ్జిని కాదని ఆమెకు తెలుసు. అందుకే తొందరపడలేదు. ఒక్కొక్క తీగ పట్టకారుతో తీసి, గాలిలో అవసరానికి మించి ఆపి, చూడండి అన్నట్టు నిలిపి, అప్పుడు దించింది. ఇరవై నిమిషాలు. తీగ కొస ఒక్కసారి కూడా అదరలేదు. ముల్లు దించగానే గది నిండా గొంతు వచ్చి నిలబడింది.

పాట ముగిశాక ఆమె బరువుబాబు వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పండి."

"ఏం చెప్పాలి?"

"ఎవరు బిగించారు, ఎవరు విరిచారు."

ఆయన నేల చూస్తూ ఏదో అన్నాడు.

"నాకే వినపడలేదు, వెనకవాళ్ళకేం వినపడుతుంది?"

"నేనే బిగించాను. నేనే విరిచాను. ఆ అమ్మాయి చెయ్యి వణకలేదు" అన్నాడు. ఉంగరం ఉన్న చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.

సంఘం వాళ్ళు ఆమె చుట్టూ చేరారు. డాక్టరమ్మ మాత్రం దూరంగానే నిలబడింది. "నీకు ముందే తెలుసా ఇలా అవుతుందని?"

"తెలుసు డాక్టరమ్మా."

"నాదని తెలిసి కూడా?"

"తెలిసే."

"నాతో ఒక్క మాట చెప్తే సరిపోయేదిగా!"

"ఆరేళ్ళ కిందట మాటే చెప్పాను. సరిపోలేదు." తర్వాత గొంతు తగ్గించి, "మీ విషయంలో మాత్రం నాది తప్పు" అంది.

డాక్టరమ్మ కార్ట్రిడ్జిని పెట్టెలో పెట్టుకుని, ఆమె మొహం చూడకుండా వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఎక్కడైనా కనిపించినా తల పంకించడం తప్ప పలకరించదు. అది ముల్లక్క మొయ్యాల్సిందే. మోస్తోంది.

జనం పలచబడ్డాక బరువుబాబు దగ్గరికి వచ్చాడు. "మళ్ళీ పనిలోకి వచ్చెయ్యమ్మాయ్. వెనకగది నీదే. అయిపోయిందిగా."

"ఎక్కడైపోయింది? ఇక్కడ ఒకసారి చెప్పారు. అప్పుడు పదకొండు ఇళ్ళు తిరిగారు."

"అందరూ ఇక్కడే విన్నారుగా!"

"రానివాళ్ళున్నారు. వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు, పిల్లలు విన్నారు నా పేరు. ఆ కుర్చీల్లోనే కూర్చుని చెప్పాలి మీరు. నేను పక్కనుంటాను."

"రానంటే?"

మాస్టారు ఇంకా వెళ్ళలేదు. "రాకపోతే ఈ సంఘం నీ గుమ్మం తొక్కదు" అన్నాడు, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ.

మర్నాటి నుంచి సాయంత్రాలు వాళ్ళిద్దరూ ఇళ్ళు తిరగడం వీధివాళ్ళం చూశాం. ఆయన ముందు, ఆమె రెండడుగులు వెనక. మూడు ఇళ్ళు అయ్యాయి. నాలుగో ఇంట్లో తలుపు తీసింది ఒక ముసలమ్మ. రికార్డులు వినే భర్త పోయి రెండేళ్ళయిందట. ఇద్దరినీ లోపలికి పిలిచి, మంచినీళ్ళిచ్చి, ఫ్యాను వేసింది.

బరువుబాబు వెనక్కి వంగి గుసగుసలాడాడు. "ఆవిడకేం తెలుసమ్మాయ్ ఇదంతా? విన్న మనిషి లేడు. ఇది వదిలెయ్."

"విన్నది ఆయనే కదా" అంది ముల్లక్క. "ఏదమ్మా, పెద్దాయన ఫొటో?"

ముసలమ్మ ఏమీ అర్థం కాకపోయినా, భర్త ఫొటో అడిగినందుకే మురిసిపోయి, లోపలి గదిలోకి దారి చూపింది. గోడకున్న ఫొటో మీద దుమ్ము ఉందేమోనని కొంగుతో తుడిచింది. బరువుబాబుకు కూర్చోవడానికి పీట వేసింది.

ఆయన కూర్చోలేదు. ఫొటో వంక చూశాడు, ముల్లక్క వంక చూశాడు. ఆమె కళ్ళు దించలేదు. ఫొటోలోని మనిషికి ఆయన మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. చీటీ సంగతి కూడా. అంతా విని ముసలమ్మ, "ఆయన ఉంటే ఎప్పుడో పోన్లే అనేవారు నాయనా" అని ఓదార్చింది.

ముల్లక్క ఆమె చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూసి, "రండి సార్, చీకటి పడకముందే ఇంకొక ఇల్లు చూసుకుందాం" అంది.